చీకటి పడగానే ఆగిపోయే కెమెరా: కోనసీమలో ఒక మండువా ఇంటి కేసు

2024 ఆగస్టులో అమలాపురానికి దగ్గర్లోని ఒక ఊరి నుంచి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు ఒకరు నాకు ఫోన్ చేశారు. వారి కొబ్బరి తోటలోని షెడ్డు తాళం విరగ్గొట్టి, నీళ్లు తోడే మోనోబ్లాక్ మోటారును ఎవరో రాత్రికి రాత్రి ఎత్తుకుపోయారు. ఆ షెడ్డు చూరుకు కెమెరా ఉంది, అక్కడి నుంచి ఇంట్లోని డీవీఆర్ (కెమెరా బొమ్మలను రికార్డు చేసే పెట్టె) వరకూ వైరు ఉంది, పగలంతా బొమ్మ చక్కగానే వస్తోంది. అయినా ఆ రాత్రి రికార్డింగులో చూడదగ్గది ఏమీ లేదు. “కెమెరాలు పెట్టించుకున్నదే ఆ షెడ్డు కోసం బాబూ. అది ఉన్నట్టా, లేనట్టా?” అని మాస్టారు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి నాకు ఒక పగలూ ఒక రాత్రీ పట్టాయి. ఆ తర్వాత ఇంటికంతటికీ వైర్లు కొత్తగా లాగడానికి ఆరు రోజులు పట్టింది. కెమెరాలు బిగించే ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న కుర్రవాళ్లకూ, ఇంటికి కెమెరాలు పెట్టించుకోదలచినవారికీ ఉపయోగపడుతుందని ఆ పనిని మొదటి నుంచీ రాస్తున్నాను.

ఇల్లు పాతకాలపు మండువా లోగిలి. మధ్యలో ఆకాశం కనిపించే మండువా, చుట్టూ వసారాలు, టేకు దూలాల మీద తాటి వాసాలు, వాటి మీద పెంకులు, గోడలు సున్నపువి. ముందు వీధి గేటు, వెనక పెరటి నుయ్యి, పెరడు దాటితే దింపు తీసిన కాయలు పోసే చోటు, అది కూడా దాటి కొబ్బరి చెట్ల మధ్య మోటారు షెడ్డు. ఇంట్లో ఉండేది మాస్టారూ అమ్మగారూ ఇద్దరే. కూతురు డల్లాస్‌లో ఉంటారు. మూడేళ్ల క్రితం ఆమె డబ్బు పంపితే, పక్క పట్నం నుంచి ఒకరు వచ్చి నాలుగు అనలాగ్ హెచ్‌డీ కెమెరాలు, ఒక డీవీఆర్, కెమెరాలకు కరెంటు ఇచ్చే 12 వోల్టుల ఎస్ఎంపీఎస్ ఒకటి పెట్టి, మన దగ్గర అందరూ వాడే 3+1 కేబుల్ (బొమ్మ తీగ, కరెంటు తీగలు కలిసి ఉండేది) లాగి వెళ్లారట.

నేను ముందుగా చూసింది డీవీఆర్ లాగ్, అంటే అది తనంతట తాను రాసుకునే చిట్టా. షెడ్డు కెమెరా పేరు మీద “వీడియో లాస్” (బొమ్మ రావడం లేదు) అనే వరసలు పేజీలకు పేజీలు ఉన్నాయి. ప్రతిరోజూ సాయంత్రం 5:30 ప్రాంతంలో మొదలై, తెల్లవారుజామున 4:30 దాకా దాదాపు నిమిషానికొకటి చొప్పున, రాత్రికి ఆరు వందలకు పైగా. ఆగస్టులో సాయంత్రం 5:30కి ఇంకా మంచి వెలుతురే ఉంటుంది కాబట్టి, చీకటికీ దీనికీ సంబంధం లేదేమోనని మొదట పొరబడ్డాను. అలవాటు కొద్దీ డీవీఆర్ గడియారాన్ని నా ఫోనుతో పోల్చి చూశాక సంగతి తెలిసింది: అది గంటా పది నిమిషాలు వెనకబడి ఉంది. లోపలి బిళ్ల బ్యాటరీ బలహీనపడటంతో కరెంటు పోయినప్పుడల్లా గడియారం ఆగి, మళ్లీ ఆగినచోటి నుంచే నడుస్తూ వచ్చింది. అంటే కెమెరా ఆగిపోవడం మొదలయ్యే సమయం నిజానికి 6:40, సరిగ్గా మసక చీకటి పడే వేళ. అది స్థిరపడే సమయం తెల్లవారుజామున 5:40, తూరుపు తెల్లబడే వేళ.

ఇన్నాళ్లూ ఈ సంగతి ఎవరూ ఎందుకు గమనించలేదన్నది నన్ను చాలా సేపు వేధించింది. కూతురుగారు రోజూ ఫోనులో చూస్తూనే ఉన్నారు. అయితే ఆమె పని ముగించుకొని రాత్రి తొమ్మిదింటికి యాప్ తెరిస్తే, అక్కడి వేసవి సమయం లెక్కన మనకు ఉదయం ఏడున్నర అవుతుంది. ఆమెకు కనిపించిందల్లా ఎండలో మెరిసే కొబ్బరాకులే. ఇంట్లో పెద్దవాళ్లు టీవీలో చూసేది ఎవరైనా గేటు తట్టినప్పుడు, అదీ గేటు కెమెరా ఒక్కటే. మూడేళ్లపాటు రాత్రి బొమ్మను ఎవరూ చూడలేదు. పని అప్పగించినవారు కూడా పట్టపగలే అప్పగించి వెళ్లారు.

లోపాన్ని పట్టుకోవడం

ఇలాంటప్పుడు ఎక్కువమంది చేసేది కెమెరా మార్చడం. నేను కూడా మార్చాను, కానీ కొత్తది పెట్టలేదు. గేటు దగ్గర రాత్రంతా బాగా పనిచేస్తున్న కెమెరాను విప్పి షెడ్డుకు, షెడ్డు కెమెరాను గేటుకు బిగించాను. ఆ రాత్రి షెడ్డులోకి వెళ్లిన మంచి కెమెరా చీకటి పడగానే ఆగిపోయింది, గేటుకు వచ్చిన “పాడైన” కెమెరా తెల్లవార్లూ నిలకడగా పనిచేసింది. దాంతో లోపం కెమెరాలో లేదని రూఢి అయింది. డీవీఆర్ పోర్టు కూడా అటూ ఇటూ మార్చి చూశాను, ఫలితం మారలేదు. ఇక మిగిలింది ఇంటి నుంచి షెడ్డు దాకా వెళ్లే వైరు ఒక్కటే.

మరునాడు పగలు షెడ్డులో నిచ్చెన వేసుకొని, కెమెరా డీసీ పిన్ దగ్గర మల్టీమీటర్ పెట్టాను. ఇంట్లో ఎస్ఎంపీఎస్ దగ్గర 12.1 వోల్టులు ఉంటే ఇక్కడ 10.9 వస్తున్నాయి. కెమెరా ఆ మాత్రానికి పనిచేస్తుంది. తర్వాత కెమెరా ముఖం మీద వెలుతురును పసిగట్టే చిన్న గింజంత సెన్సరును బొటనవేలితో మూశాను. రెండు మూడు క్షణాల్లో లోపల ఐఆర్ ఫిల్టర్ పక్కకు జరిగిన “టిక్” చప్పుడు వినిపించింది, చీకట్లో చూడటానికి కెమెరా వెలిగించుకునే ఐఆర్ (పరారుణ) దీపాలు మసకగా ఎర్రబడ్డాయి, మీటరు మీద అంకె 8.4కు పడిపోయింది, దీపాలు ఆరిపోయాయి, కెమెరా చచ్చిపోయింది. భారం తగ్గగానే వోల్టేజి మళ్లీ పైకి లేచింది, కెమెరా తిరిగి మొదలైంది, చీకటిగా ఉందని తెలుసుకొని దీపాలు వెలిగించబోయింది, మళ్లీ పడిపోయింది. వేలు తీయకుండా అయిదారు నిమిషాలు అలాగే నిలబడి చూశాను. నిమిషానికోసారి అదే వరస. రాత్రి పదకొండు గంటల పాటు ఆ కెమెరా చేస్తున్న పని ఇదే.

లెక్క కూడా సరిపోయింది. పగలు ఆ కెమెరా 0.14 ఆంపియర్లు తీసుకుంటే, ఐఆర్ దీపాలు వెలిగినప్పుడు 0.44 తీసుకుంటుంది. రెండు తీగలనూ ఒక కొస దగ్గర కలిపి రెండో కొస దగ్గర కొలిస్తే నిరోధం 8.4 ఓములు వచ్చింది. 0.14ను 8.4తో గుణిస్తే సుమారు 1.2 వోల్టులు, 0.44ను గుణిస్తే 3.7 వోల్టులు దారిలోనే ఖర్చవుతున్నాయి. 12.1లోంచి అవి తీసేస్తే మీటరు చూపించిన 10.9, 8.4 అంకెలే మిగులుతాయి. అదే కేబుల్ గేటుకు తక్కువ దూరమే వెళ్లింది కాబట్టి అక్కడ ఈ బాధ లేదు.

కేబుల్ కొస ఒకటి కోసి, కరెంటు తీగ పైతొడుగు ఒలిచి, చాకు మొనతో తీగను గీకాను. పైన రాగి రంగు పూత, గీకిన చోట వెండిలా తెల్లటి లోహం. రాగి పూసిన అల్యూమినియం అన్నమాట. అంతే మందం గల అసలు రాగి తీగతో పోలిస్తే దీని నిరోధం ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుంది. రెండు మూడు సార్లు ఇటూ అటూ వంచితే పుటుక్కున తెగిపోతుంది కూడా. దానికి తోడు ఈ వైరును చెట్టు నుంచి చెట్టుకు గాలిలో వేలాడదీసి తీసుకెళ్లారు. దింపు తీసేటప్పుడు గెలలు దాని మీద పడి, సాగి, మూడు చోట్ల తెగితే మెలిపెట్టి టేపు చుట్టారు. ఆ టేపు లోపల తీగలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

దొంగతనం జరిగిన రాత్రి ముక్కలన్నీ నేనూ మాస్టారూ కూర్చొని వరసగా చూశాం. కెమెరా మళ్లీ లేచి దీపాలు వెలిగించబోయే ముందు దొరికే రెండు మూడు క్షణాల చీకటి బొమ్మల్లో, ఒకదాంట్లో మాత్రం టార్చి వెలుగు ఒకటి షెడ్డు తలుపు మీద కదులుతూ కనిపించింది. మనిషి లేడు, ముఖం లేదు. మాస్టారు దాన్ని నాలుగైదు సార్లు వెనక్కి తిప్పించుకొని చూశారు.

ఏ దారి ఎంచుకున్నాం

తేలికైన మార్గం ఒకటుంది: షెడ్డులో మోటారుకు కరెంటు ఉంది కదా, అక్కడే ఒక 12 వోల్టుల అడాప్టర్ పెట్టి కెమెరాకు ఇస్తే వోల్టేజి బాధ తీరుతుంది. చాలామంది అదే చేస్తారు. నేను ఒప్పుకోలేదు. షెడ్డు ఫ్యూజు క్యారియర్ బయట మీటరు బోర్డు మీదే ఉంది. దాన్ని పీకితే కెమెరా ఆగిపోతుంది, పైగా కరెంటు కోత వేళ తోటంతా చీకటిగా ఉన్నప్పుడు కెమెరా కూడా ఉండదు. కాపలా పెట్టిన కెమెరాకు అన్నం, అది కాపలా కాసే చోటి నుంచి కాక ఇంట్లోంచే రావాలని నా నమ్మకం.

అందుకని పాత సరంజామా అంతా పక్కన పెట్టి, అసలు రాగి క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ మీద పీఓఈతో (బొమ్మ, కరెంటు రెండూ ఒకే కేబుల్‌లో వెళ్లే పద్ధతి) నడిచే అయిదు 4 మెగాపిక్సెల్ ఐపీ కెమెరాలు, వాటిని రికార్డు చేసే ఎన్వీఆర్ ఒకటి పెట్టాలని నిర్ణయించాం. పీఓఈలో గొప్పదనం వోల్టేజిలో ఉంది. 12కు బదులు దాదాపు 48 వోల్టులు వెళ్తాయి కాబట్టి, అదే 6 వాట్ల కెమెరాకు 0.125 ఆంపియర్లు చాలు. 82 మీటర్ల క్యాట్ 6 కేబుల్‌లో రెండేసి తీగలు జతగా కరెంటు మోస్తే రానూపోనూ నిరోధం సుమారు 5.5 ఓములు, దారిలో పోయేది ఒక వోల్టు లోపే. 48లో ఒకటి పోతే కెమెరాకు ఏమీ తెలియదు, 12లో నాలుగు పోతే ప్రాణమే పోతుంది. పీఓఈకి సంబంధించిన 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం స్విచ్ (కెమెరా కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) పోర్టు 15.4 వాట్ల వరకు ఇవ్వగలదు, అవతలి కొసకు 12.95 వాట్లు చేరతాయని ఆ ప్రమాణం హామీ ఇస్తుంది. మన కెమెరాకు కావలసింది అందులో సగమే. దూరం విషయంలో 100 మీటర్ల హద్దును మాత్రం ఖచ్చితంగా పాటిస్తాను. 250 మీటర్ల దాకా పనిచేస్తుందని రాసి అమ్మే స్విచ్‌లు ఉన్నాయి గాని, అవి వేగాన్ని 10 మెగాబిట్లకు దించి నడిపిస్తాయి, కేబుల్ ఏమాత్రం పాతబడినా బొమ్మ ఆగి ఆగి వస్తుంది.

కేబుల్ పెట్టె విప్పగానే కుటుంబ సభ్యుల ఎదుటే కొస గీకి చూపించాను. లోపలి దాకా ఎర్రగానే ఉంది. ఇది నేను ప్రతి ఇంట్లోనూ చేస్తాను. ఎనిమిది దీపాలు వరసగా వెలిగే చిన్న టెస్టరును నమ్ముకొని లాభం లేదు, తీగ కొస నుంచి కొస దాకా తెగలేదని మాత్రమే అది చెబుతుంది. అల్యూమినియం కేబుల్ మీద కూడా ఆ ఎనిమిది దీపాలూ నిక్షేపంగా వెలుగుతాయి.

వైరు దారి

ఈ ఇంటి పనిలో సగం కష్టం ఇక్కడే ఉంది. సున్నపు గోడలను గాడి తీసి పైపు పూడ్చడానికి నాకు మనసొప్పలేదు, గోడ పెచ్చులూడుతుంది కూడా. దూలాలకు రంధ్రం వేయవద్దని అమ్మగారు ముందే చెప్పారు. అందుకని ఎన్వీఆర్ ఉన్న పడకగది నుంచి అటక మీదకు ఎక్కించి, తాటి వాసాల వెంట 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపులో నాలుగు దిక్కులకూ తీసుకెళ్లాం. పెంకుటింటి అటక అంటే ఎలుకలకు పుట్టిల్లు. పైపు ఎక్కడా నోరు తెరిచి ఉండకుండా చూడటం, చివర్లలో ఉక్కు పీచు కుక్కి మూయడం తప్పనిసరి. ఇంటి కరెంటు వైర్లకు అడుగు దూరం పాటించి, దాటవలసి వచ్చిన చోట అడ్డంగా మాత్రమే దాటించాం.

షెడ్డు దాకా వెళ్లే 82 మీటర్లను భూమిలో వేశాం. గాలిలో వేస్తే దింపు రోజున ఏమవుతుందో పాత వైరు చెప్పనే చెప్పింది. అయితే కోనసీమ నేలలో రెండు అడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. పైపు ఎంత బాగా అతికించినా ఏదో ఒకనాటికి లోపల నీరు నిలుస్తుందని ముందే అనుకొని, లోపల జెల్ నింపి పైన నల్లటి పాలిథీన్ తొడుగు ఉండే బయటి రకం క్యాట్ 6 కేబుల్‌ను హెచ్‌డీపీఈ పైపులో వేసి, అడుగున్నర లోతున పూడ్చాం. నీళ్లు పారే బోదె దాటే చోట మాత్రం గునపం దెబ్బ తగలకుండా ఇనుప పైపు తొడిగాం. కందకం పూడ్చేముందు మాస్టారు తన నోటుబుక్కులో చెట్ల లెక్కన పటం గీసుకున్నారు: నుయ్యి గట్టు నుంచి మూడో చెట్టు కుడి పక్కగా, అక్కడి నుంచి బోదె దాకా తిన్నగా. ఆ పటం నకలు ఒకటి ఎన్వీఆర్ బీరువా తలుపు లోపల అంటించాం.

భూమిలో 82 మీటర్ల రాగి తీగ, చుట్టూ ఎత్తైన కొబ్బరి చెట్లు ఉన్నప్పుడు పిడుగు గురించి ఆలోచించకుండా ఉండలేం. నేరుగా పడే పిడుగును ఆపే పరికరం మా దగ్గర లేదని మాస్టారుకు ముందే చెప్పాను. దగ్గర్లో పడినప్పుడు వైరులోకి ఎక్కి వచ్చే సర్జ్‌ను (ఒక్కసారిగా ఎగసే వోల్టేజిని) తట్టుకోవడానికి, షెడ్డు వైరు ఇంట్లోకి వచ్చే చోట ఒక పీఓఈ సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి దాని తీగను ఇంటి ఎర్త్ గుంతకు కలిపాం. ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాను. ఎన్వీఆర్ వెనకాలే పీఓఈ పోర్టులు ఉన్నా వాటిని వాడకుండా, విడిగా ఒక పీఓఈ స్విచ్ పెట్టి కెమెరాలన్నీ దానికి కలిపాను. దెబ్బ తగిలితే స్విచ్ పోవాలి గాని, రికార్డింగులున్న ఎన్వీఆర్ పోకూడదు.

కెమెరా వెనక వేలాడే పిగ్‌టెయిల్ (పొట్టి వైరు) గురించి ఒక మాట. ప్రతి కెమెరా పెట్టెలోనూ నెట్‌వర్క్ కేబుల్ వచ్చి దూరే ఆర్‌జే 45 మూతి మీద తొడగడానికి రబ్బరు వాషరుతో ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం ఇస్తారు. పాత సైట్లకు సర్వీసుకు వెళ్లినప్పుడు అది పెట్టెలోనే కవరు విప్పకుండా కనిపిస్తూ ఉంటుంది. నిరంతరం కరెంటు ప్రవహించే మూతిలోకి ఒక్క చుక్క తేమ చేరినా, సముద్రపు గాలి ఆడే ఈ ప్రాంతంలో ఏడాది తిరక్కుండానే బంగారు పూత పిన్నులు నల్లబడి తినుకుపోతాయి. ఆ గొట్టాన్ని కేబుల్‌కు ముందు ఎక్కించి తర్వాతే క్రింపింగ్ (కొసకు ప్లగ్గు నొక్కి బిగించడం) చేయాలి, క్రింపింగ్ అయ్యాక ఎక్కించడం కుదరదు. మేం అయిదింటికీ అది తొడిగి, జంక్షన్ బాక్సులో పెట్టి, బాక్సులోకి వచ్చే ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పాం. వాన నీరు వైరు వెంట జారి ఆ వంపు దగ్గరే కిందికి రాలిపోతుంది. తీగల వరస రెండు కొసల్లోనూ టీ568బీ అనే ప్రమాణం ప్రకారమే: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ.

కెమెరా ఎత్తు, లెన్సు

పాత గేటు కెమెరా చూరు కింద పదిహేను అడుగుల ఎత్తున ఉండేది. ఎవరు వచ్చినా తలపాగా, నడినెత్తి కనిపించేవి. కొత్తదాన్ని వీధి అరుగు స్తంభానికి తొమ్మిది అడుగుల లోపే బిగించాను. చేతికి అందే ఎత్తు కదా అని మాస్టారు సందేహించారు గాని, ముఖం కనిపించని కెమెరా ఎంత ఎత్తున ఉండి ఏం లాభం? దాన్ని ఎవరైనా ముట్టుకోబోతే కనిపించేలా రెండో అరుగు మీది కెమెరాను అటు తిప్పాను.

లెన్సు ఎంపికలో అంకెలు చూడాలి. అపరిచితుణ్ణి గుర్తుపట్టేంత స్పష్టత కావాలంటే కనిపించే చోటి వెడల్పులో మీటరుకు 250 పిక్సెళ్లు (బొమ్మలోని చుక్కలు), తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 పిక్సెళ్లు కావాలని అంతర్జాతీయ ప్రమాణం ఒకటి చెబుతుంది. 4 మెగాపిక్సెల్ బొమ్మ వెడల్పు 2560 పిక్సెళ్లు. స్తంభం నుంచి గేటు 9 మీటర్లు. అందరూ పెట్టే 2.8 మిల్లీమీటర్ల లెన్సు సుమారు 100 డిగ్రీలు చూస్తుంది కాబట్టి, అంత దూరంలో 21 మీటర్ల వెడల్పు పడుతుంది, అంటే మీటరుకు 120 పిక్సెళ్లే. వీధంతా కనిపిస్తుంది, ముఖం కనిపించదు. 6 మిల్లీమీటర్ల లెన్సు పెడితే వెడల్పు 9 మీటర్ల లోపుకు తగ్గి, మీటరుకు 290 పిక్సెళ్లు దక్కుతాయి. గేటుకు, షెడ్డుకు 6, మిగిలిన మూడింటికి 2.8 పెట్టాం.

షెడ్డు కెమెరాకు మొదటి రాత్రే ఒక చిక్కు వచ్చింది. బొమ్మంతా పాలు పోసినట్టు తెల్లబడింది. సున్నం వేసిన షెడ్డు గోడ కెమెరా పక్కనే ఉండటంతో ఐఆర్ వెలుగు దాని మీద పడి తిరిగి లెన్సులోకి వస్తోంది. గోడకు జానెడు దూరంగా ఒక బ్రాకెట్ కట్టి ముందుకు జరిపితే సరిపోయింది. వానాకాలంలో సాలీళ్లు ఈ దీపాల చుట్టూనే గూళ్లు అల్లుతాయి. తోటకు వచ్చే పాలికాపుకు వారానికోసారి ఈత చీపురుతో దులపమని అప్పగించాం.

మండువాలో కూడా ఒక కెమెరా పెడితే తలుపులన్నీ ఒక్కదాంట్లో కనిపిస్తాయి కదా అని కూతురుగారు వీడియో కాల్‌లో అడిగారు. అమ్మగారు అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. “నేను తల దువ్వుకొనేదీ, మీ నాన్నగారు నూనె రాసుకొనేదీ అక్కడే. వద్దమ్మా” అన్నారు. నేను కూడా ఆమె మాటనే బలపరిచాను. ఇంటికి వచ్చే దారులన్నీ బయటే కనిపిస్తున్నప్పుడు లోపల కెమెరా అవసరం లేదు. పెరటి కెమెరాలో పక్కింటివారి స్నానాలగది తలుపు కొంత పడుతుంటే, మెనూలోని ప్రైవసీ మాస్క్‌తో ఆ భాగాన్ని నల్లగా కప్పి, పక్కింటివారిని పిలిచి చూపించాం. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఆ తీర్పు గురించి తెలియకపోయినా ఇరుగుపొరుగుతో ఈ మర్యాద పాటించాలి.

ఎన్వీఆర్, గడియారం, పాస్‌వర్డు

సెట్టింగుల్లో నేను మొట్టమొదట సరిచేసేది గడియారం. సమయ మండలం +5:30, ఎన్‌టీపీ (ఇంటర్నెట్ నుంచి సరైన సమయం తెచ్చుకునే పద్ధతి) ఆన్, రోజుకోసారి సరిచూసుకునే ఏర్పాటు. గంటా పది నిమిషాల తేడా ఉన్న పాత రికార్డింగును స్టేషనుకు తీసుకెళ్లినప్పుడు మాస్టారు పడ్డ ఇబ్బంది చూశాక ఇది ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి రికార్డింగును కోర్టులో ఇవ్వాలంటే ధ్రువపత్రం జతచేయాలి, అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారితే తానూ మారిపోయే, వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా రాయాలి. కాబట్టి ఫైలును ఫోనుతో టీవీ తెర మీది నుంచి తీసిన వీడియోగా కాకుండా, ఎన్వీఆర్ నుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయడం ఎలాగో మాస్టారుతో రెండుసార్లు స్వయంగా చేయించాను.

హెచ్.265లో (వీడియోను కుదించే పద్ధతి) ఒక్కో కెమెరాకు సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున పెడితే రోజుకు 21.6 గిగాబైట్లు, అయిదింటికి 108 గిగాబైట్లు. రోజంతా రాయడానికే తయారుచేసే 4 టీబీ సర్వైలెన్స్ డిస్కులో సుమారు 35 రోజుల రికార్డింగు నిలుస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం జనం గుమిగూడే సంస్థలు 30 రోజుల రికార్డింగు ఉంచాలంటుంది. ఇళ్లకు ఆ నిబంధన లేకపోయినా, ఊరు వెళ్లి నెలకు తిరిగొచ్చేవాళ్లకు నేను అదే కొలతగా పెట్టుకుంటాను.

ఎన్వీఆర్‌ను అటక మీద పెట్టమన్నారు గాని, పెంకుల కింది వేడికి డిస్కు ఎక్కువ కాలం ఉండదు. పడకగదిలోని గోడ బీరువాలో, కింద పైన గాలి కన్నాలు చేయించి, తాళం వేసి పెట్టాం. ఇంటి ఇన్వర్టరుకే కలిపాం. మొదటి కరెంటు కోతలో ఎన్వీఆర్ ఆరిపోయి రెండు నిమిషాలకు తిరిగి లేచింది. ఇన్వర్టరు వెనక మీట మామూలు స్థితిలో ఉండటమే కారణం. దాన్ని యూపీఎస్ స్థితికి మార్చాక కోత వచ్చినా రికార్డింగు తెగలేదు. ఈ రెండు నిమిషాల ఖాళీని చాలా ఇళ్లలో ఎవరూ గమనించరు.

పాస్‌వర్డు మాస్టారే పెట్టారు, నేను అటు తిరిగి నిలబడ్డాను. కాగితం మీద రాసి ఇంటి దస్తావేజులతో పాటు పెట్టుకున్నారు. కూతురుగారికి చూడటానికి మాత్రమే వీలుండే వేరే ఖాతా ఇచ్చాం. బయటి ఇంటర్నెట్ నుంచి ఎన్వీఆర్‌కు నేరుగా దారి తెరుచుకోకుండా రౌటరులో యూపీఎన్‌పీ ఆపేశాను, పోర్టు ఫార్వర్డింగ్ పెట్టలేదు. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని కెమెరాలను, డీవీఆర్‌లను లక్షల్లో ఆక్రమించుకొని ఇంటర్నెట్‌నే కుదిపింది. అందులో చిక్కినవాటిలో చాలా భాగం ఎవరో ఒకరు పని ముగించి, పాస్‌వర్డు అలాగే వదిలేసి వెళ్లినవే. మన దేశంలో ఇప్పుడు 2025 ఏప్రిల్ నుంచి కొత్త కెమెరాలకు భద్రతా పరీక్షల ధ్రువీకరణ తప్పనిసరి అయింది. ఇంట్లో మనం పెట్టే పాస్‌వర్డును మాత్రం ఏ ధ్రువీకరణా కాపాడలేదు.

వీడియో లాస్ అయితే కూతురుగారి ఫోనుకూ, నా ఫోనుకూ వెంటనే హెచ్చరిక వచ్చేలా పెట్టాం. అప్పగించడం రాత్రి ఎనిమిదింటికి జరిగింది. అయిదు కెమెరాల ముందూ మాస్టారు స్వయంగా నడిచి వెళ్లి, అమ్మగారు టీవీలో చూసి ముఖం కనిపిస్తోందని చెప్పాకే బిల్లు రాశాను.

ఆ తర్వాత

2025 మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి, షెడ్డుకు నాలుగు చెట్ల అవతల ఒక కొబ్బరి చెట్టు మొవ్వ మీద పిడుగు పడింది. రాత్రి 7:50కి నా ఫోనుకు హెచ్చరిక వచ్చింది. మరునాడు వెళ్లి చూస్తే సర్జ్ ప్రొటెక్టర్ లోపల నల్లగా మాడి ఉంది, స్విచ్‌లో షెడ్డు పోర్టు చచ్చిపోయింది, పక్క పోర్టులు, ఎన్వీఆర్ బాగున్నాయి. కెమెరాను వేరే పోర్టుకు కలిపితే పనిచేసింది. ప్రొటెక్టర్ మార్చి, ఎర్త్ గుంత నిరోధం కొలిస్తే ఎక్కువగా వచ్చింది. గుంతలో ఉప్పు, బొగ్గు మళ్లీ వేయించి నీళ్లు పోయించాం.

కాలవ గట్టు వైపు నుంచి కాయల రాశి దగ్గరకు వచ్చే ఒక కాలిబాట ఇంకా ఏ కెమెరాకూ పడటం లేదు. అక్కడ అరటి బోదెలు అడ్డుగా పెరిగాయి. స్విచ్‌లో మిగిలిన పోర్టు ఒకటి దానికే కేటాయించి ఉంచాను. వచ్చే దింపు అయ్యాక కందకం తవ్వుదామని మాస్టారు అన్నారు, నోటుబుక్కులో ఆ గీత ఇప్పటికే గీసి ఉంది.